ఏ టేపు, ఎవరి చెయ్యి: ప్రోగ్రెసివ్ రాక్ సీడీ రీమాస్టర్లను పోల్చి వినే పద్ధతి

అందరికీ నమస్కారం. వెనక వరుసల్లో ఉన్నవాళ్లకు వినపడుతోందా? సంతోషం.

1969 నుంచి 1975 దాకా ఇంగ్లండులో వచ్చిన పేరున్న ప్రోగ్రెసివ్ రాక్ (క్లుప్తంగా 'ప్రోగ్', పొడవాటి పాటల రాక్ సంగీతం) ఆల్బమ్ ఏదైనా తీసుకోండి. కింగ్ క్రిమ్సన్, యెస్, జెనెసిస్, జెత్రో టల్, పింక్ ఫ్లాయిడ్, ఎవరిదైనా సరే. ఒక్కో ఆల్బమ్‌కు తక్కువలో తక్కువ నాలుగైదు రకాల సీడీలు కనిపిస్తాయి. ఒక్కటి తప్ప అన్నిటి అట్ట మీదా 'రీమాస్టర్డ్' అనే ఉంటుంది, అంటే పాత టేపు నుంచి ధ్వనిని మళ్లీ తీర్చి ఎక్కించారని. ఇందులో ఏది కొనాలి, ఏది వినాలి అని అందరూ అడుగుతారు. అంతకంటే ముందు అడగాల్సింది ఇంకోటి ఉంది. ఆ సీడీ ఏ టేపు నుంచి వచ్చింది? దాని మీద ఎవరు చెయ్యి పెట్టారు? ఈ రెండూ తెలిస్తే తేడాల్లో సగం వినకముందే అర్థమవుతాయి. తెలియకుండా వింటే, గట్టిగా మోగినదే మంచిదనుకుని ఇంటికి వస్తాం.

టేపు దగ్గర మొదలుపెడదాం. స్టూడియోలో ముందు తయారయ్యేది మల్టీట్రాక్ టేపు. డ్రమ్స్ ఒక ట్రాక్‌లో, గొంతు ఒక ట్రాక్‌లో, ఇలా విడివిడిగా ఉంటాయి. వాటిని కలిపి రెండు చానళ్లకు దించితే వచ్చేది స్టీరియో మాస్టర్. అది మొదటి తరం. దాన్నుంచి ఎల్పీ రికార్డు గాడులు కోయడానికి ఒక కాపీ, అమెరికాకు ఒక కాపీ, జపాన్‌కు ఒక కాపీ. ఆ కాపీల నుంచి మళ్లీ కాపీలు. కాసెట్ల రోజుల్లో రికార్డింగ్ షాపులో పాటలు ఎక్కించుకున్నవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు కదా. ఒరిజినల్ కాసెట్టుకీ, దాన్నుంచి ఎక్కించినదానికీ, మళ్లీ దాన్నుంచి స్నేహితుడు ఎక్కించుకున్నదానికీ తేడా మీకు చెవికి తెలుసు. ప్రతి దశలో 'స్స్' అనే హోరు పెరుగుతుంది, తాళాల జిలుగు తగ్గుతుంది. స్టూడియో టేపులోనూ జరిగేది అదే. మోతాదు తక్కువ, అంతే. ఒక టేపును అదే రకం టేపు మీదకి కాపీ చేస్తే రెంటి హోరూ కలిసి సుమారు 3 డెసిబెల్స్ (ధ్వని స్థాయి కొలత) పెరుగుతుంది.

సీడీ మార్కెట్లోకి వచ్చింది 1982 అక్టోబరులో, జపాన్‌లో. ఆ తర్వాత నాలుగైదేళ్లు కంపెనీలు పాత ఆల్బమ్‌లను తొందర తొందరగా సీడీలకు ఎక్కించాయి. ఏ దేశంలో ఏ టేపు బీరువాలో ఉంటే అదే వాడారు. చాలాచోట్ల అది ఎల్పీ కోయడం కోసం సిద్ధం చేసిన కాపీ. సూది గాడిలోంచి ఎగిరిపోకుండా బేస్ తగ్గించి, పైస్థాయిలు, అంటే సింబల్స్ జిలుగు లాంటి హెచ్చు స్వరాలు, అదుపులో పెట్టిన టేపు అది. దాన్ని ఉన్నదున్నట్టు సీడీ మీద పెడితే పలచగా, గీరుకుపోయినట్టు వినిపిస్తుంది. 'తొలి సీడీలు కఠోరంగా ఉంటాయి' అన్న మాట పుట్టింది ఇలాంటి డిస్కుల వల్లే. అందులో సీడీ తప్పు తక్కువ, టేపు తప్పు ఎక్కువ.

అయితే ఆ తొలి డిస్కులన్నీ పారేయాల్సినవి కావు. మంచి టేపు దొరికినచోట ఆనాటి ఇంజనీరు దాన్ని నేరుగా డిజిటల్‌లోకి మార్చి వదిలేశాడు. మీటలు తిప్పలేదు, గట్టి, సన్నని చోట్ల తేడాను కుదించే కంప్రెషన్ చేయలేదు. అలాంటి డిస్కు ఈనాటికీ గొప్పగా ఉంటుంది. అందుకే 1980ల నాటి డిస్కుల కోసం కొందరు అంతగా వెతుకుతారు.

ఇప్పుడు ఒక్క ఆల్బమ్‌ను దగ్గరగా చూద్దాం. కింగ్ క్రిమ్సన్ మొదటి ఆల్బమ్, 'ఇన్ ద కోర్ట్ ఆఫ్ ద క్రిమ్సన్ కింగ్'. 1969 అక్టోబరు 10న వచ్చింది. లండన్‌లో వెసెక్స్ స్టూడియోలో, 8 ట్రాకుల టేపు మీద రికార్డు చేశారు. రీమాస్టర్ అంటే ఏమిటో నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి పాఠం దొరకదు. ఎందుకంటే దీని టేపుకే ఒక జబ్బు ఉంది.

స్టీరియోకు మిక్స్ చేసేటప్పుడు వాడిన టేపు యంత్రంలో రికార్డింగ్ హెడ్లు సరైన కోణంలో లేవు. ఆ సంగతి పని అంతా అయ్యాక బయటపడింది. హెడ్డు కోణం తప్పితే పైస్థాయిలు తగ్గుతాయి, కొన్నిచోట్ల ధ్వని వికృతి (డిస్టార్షన్) కూడా చేరుతుంది. 'ట్వెంటీ ఫస్ట్ సెంచరీ స్కిజాయిడ్ మ్యాన్'లో అది బాగా తెలుస్తుంది. ఆ పాటలో గ్రెగ్ లేక్ గొంతు గరగరలాడటం మాత్రం కావాలని చేసిందే, దాన్ని లోపంలో కలపకండి. లోపం కోసం బ్యాండు మొత్తం ఒక్కసారిగా మోగేచోట వినాలి. అమెరికాలో విడుదలకు సిద్ధం చేసేటప్పుడు ఈ తేడాను సరిదిద్దే ప్రయత్నంగా మొదటి టేపు నుంచి ఒక ప్రత్యేకమైన కాపీ చేశారు. దిద్దుబాటైతే జరిగింది, కానీ అది రెండో తరం టేపు అయిపోయింది. మొదటి తరం టేపు ఎక్కడో పెట్టేశారు, మూడు దశాబ్దాల పైన అది కనపడలేదు. ఆ మధ్యలో వచ్చిన ఎల్పీలు, కాసెట్లు, సీడీలు అన్నీ ఈ దిద్దిన కాపీ నుంచో, దాని కాపీల నుంచో వచ్చినవే.

ఇది తెలిశాక ఎడిషన్లను వరసగా పెట్టి చూడండి. 1989లో బ్యాండు గిటారిస్టు రాబర్ట్ ఫ్రిప్, ఇంజనీరు టోనీ ఆర్నాల్డ్ కలిసి చేసిన 'డెఫినిటివ్ ఎడిషన్' ఉంది. అప్పటికి దొరికిన టేపుతో చేసిన మంచి పని. కానీ మూలం కాపీయే. 1999లో 30వ వార్షికోత్సవపు ముద్రణ, చిన్న ఎల్పీ అట్టతో, హెచ్‌డీసీడీ (మామూలు సీడీలోనే అదనపు సమాచారం దాచే) పద్ధతిలో. ఇంకా శుభ్రంగా ఉంటుంది. మూలం మాత్రం అదే కుటుంబం. 2000ల మొదట్లో అసలు మొదటి తరం స్టీరియో టేపు బయటపడింది. దాన్నుంచి మాస్టరింగ్ ఇంజనీరు సైమన్ హేవర్త్, ఫ్రిప్ కలిసి 2004లో చేసిందే 'ఒరిజినల్ మాస్టర్ ఎడిషన్'. 1969 నాటి మిక్స్‌ను దాని మొదటి టేపు నుంచి వినాలంటే దారి ఇదే.

తేడా ఎక్కడ వినాలి? స్కిజాయిడ్ మ్యాన్ హోరులో కాదు. 'మూన్‌చైల్డ్' రెండో భాగంలో. పాట భాగం అయిపోయాక తొమ్మిది నిమిషాలకు పైగా దాదాపు నిశ్శబ్దంలో సాగే వాద్య సంభాషణ అది. ఫ్రిప్ గిటారు ఒక్కో స్వరం, ఇయాన్ మెక్‌డోనల్డ్ వైబ్రాఫోన్ చుక్కలు, మైఖేల్ జైల్స్ సింబల్ మీద పుల్ల కొసతో తాకే తాకిడి. సింబల్‌ను తాకాక ఆ మోత ఎంతసేపు బతుకుతుందో లెక్కపెట్టండి. మంచి ఎడిషన్‌లో అది సన్నబడుతూ, సన్నబడుతూ టేపు హోరులోకి కలిసిపోతుంది, ఎక్కడ ఆగిందో చెప్పలేం. హోరు తొలగించే ప్రోగ్రాము అతిగా వాడినచోట మోత సగంలో తెగిపోతుంది. తెగేముందు నీటిబుడగలు పగులుతున్నట్టు ఒక చప్పుడు కూడా వస్తుంది. ఒకసారి దాన్ని గుర్తుపట్టిన చెవి మళ్లీ మరిచిపోదు.

ఇక్కడ మెలోట్రాన్ గురించి చెప్పాలి. ఆ కాలపు ప్రోగ్ ధ్వనిలో వయొలిన్ల గుంపులా వినిపించేది చాలాచోట్ల ఈ వాద్యమే. అది కీబోర్డు వాద్యం, దాని ప్రతి మెట్టు కింద ఒక టేపు ముక్క ఉంటుంది. మెట్టు నొక్కితే ఆ ముక్క సుమారు 8 సెకన్లు నడుస్తుంది, వదిలితే వెనక్కి పోతుంది. అంటే వాద్యానికే సొంత హోరు ఉంది. 'ఎపిటాఫ్'లో మెలోట్రాన్ ప్రవేశించినప్పుడు హోరు కొంచెం పెరగడం, ఆగినప్పుడు తగ్గడం వినవచ్చు. అది చెత్త కాదు, వాద్యం ఊపిరి. ఒక ఎడిషన్‌లో ఆ ఊపిరి వినిపించి, ఇంకోదాంట్లో వినిపించకపోతే రెండో దాంట్లో ఎవరో ఊడ్చేశారని అర్థం. ఊడ్చినవాళ్లు హోరుతో పాటు మెలోట్రాన్ పైస్వరాల్లోని గరుకును కూడా తీసుకుపోయి ఉంటారు.

సరే, 2009కి వద్దాం. అక్కడ కథ మారుతుంది. సంగీతకారుడు, మిక్సింగ్ ఇంజనీరు స్టీవెన్ విల్సన్, ఫ్రిప్‌తో కలిసి చేసింది రీమాస్టర్ కాదు, రీమిక్స్. మల్టీట్రాక్ టేపులకు వెళ్లి, మళ్లీ మొదటి నుంచి కలిపారు. జబ్బున్న స్టీరియో టేపు ఈ దారిలో రానే రాదు. 8 ట్రాకులు చాలనప్పుడు ఆ రోజుల్లో ఏం చేసేవారంటే, నిండిన ట్రాకులను కలిపి ఇంకో టేపు మీద ఒకటి రెండు ట్రాకులకు కుదించి, మిగిలిన జాగాలో కొత్త వాద్యాలు చేర్చేవారు. కుదింపుకు ముందటి రీళ్లు భద్రంగా ఉంటే, ఈనాడు కంప్యూటర్లో వాటిని వరస కలిపి అన్నిటినీ మొదటి తరంలోనే వాడుకోవచ్చు. రీమిక్స్‌ల స్పష్టతకు అసలు కారణం ఇదే. ఇందులో మాయ లేదు, దారిలో కాపీలు తగ్గాయి, అంతే.

కానీ రీమిక్స్ అంటే నిర్ణయాలు కూడా మళ్లీ తీసుకోవడమే. 12 నిమిషాలు దాటే మూన్‌చైల్డ్‌ను 2009 మిక్స్‌లో సుమారు 9 నిమిషాలకు తగ్గించారు. పూర్తి రూపాన్ని బోనస్ ట్రాక్‌గా ఇచ్చారు. ఆ సంగతి తెలియక కొన్నవాళ్లు డిస్కులో లోపమనుకుంటారు. 2019లో విల్సన్ ఈ ఆల్బమ్‌ను మరోసారి మిక్స్ చేశాడు. మిక్స్‌ల వరకే చెప్పమంటే 2019ది నాకు ఎక్కువ నచ్చుతుంది, పాత మిక్స్ తూకానికి అది దగ్గరగా ఉంటుంది. కానీ 2004 ఎడిషన్ బదులు అది సరిపోతుందా అంటే, సరిపోదు. ఒకటి పాత ఫొటోను మంచి నెగటివ్ నుంచి మళ్లీ ముద్రించడం, రెండోది అదే నెగటివ్‌ను వేరే వెలుగులో తీర్చడం. రెండూ ఉండాలి.

ఈ రీమాస్టర్, రీమిక్స్ గందరగోళం జెనెసిస్ దగ్గర బాగా ముదిరింది. 1994లో వచ్చిన 'డెఫినిటివ్ ఎడిషన్ రీమాస్టర్' సీడీలు పాత స్టీరియో మిక్స్‌లే. 2007, 2008ల్లో నిక్ డేవిస్ చేసినవి పూర్తిగా కొత్త మిక్స్‌లు. పైకి చూస్తే రెండూ 'మెరుగైన ధ్వని' అన్నట్టే ఉంటాయి. 'ఫాక్స్‌ట్రాట్', 'సెల్లింగ్ ఇంగ్లండ్ బై ద పౌండ్' పాత మిక్స్‌కు అలవాటుపడ్డవాళ్లు కొత్తది వినగానే గిటారు చోటు మారిందనో, గొంతు ముందుకొచ్చిందనో అంటారు. అది వాళ్ల భ్రమ కాదు, నిజంగానే మారింది. పైగా ఆ కొత్త సీడీల్లో ధ్వని స్థాయి బాగా పెంచారు. కొత్త మిక్స్‌లోని వివరం నచ్చి, ఆ గట్టిదనం నచ్చనివాళ్లు అదే మిక్స్‌ను ఎస్‌ఏసీడీ (ప్రత్యేక ప్లేయరు కావాల్సిన మేలిరకం డిస్కు) రూపంలో వినడం మంచిది. నన్నడిగితే జెనెసిస్ విషయంలో 1994 డిస్కులను వదులుకోవద్దు. చవకగా దొరుకుతాయి, ఒదిగి ఉంటాయి, పాత మిక్స్‌ను పాత తూకంలోనే ఇస్తాయి.

జెత్రో టల్ 'ఆక్వలంగ్' దీనికి తలకిందులు. 1971 నాటి మిక్స్ మొదటి నుంచీ మసకగా ఉండేది. ఎంతమంది రీమాస్టర్ చేసినా ఆ మసక పోలేదు, ఎందుకంటే అది మిక్స్‌లోనే ఉంది. 2011లో విల్సన్ మల్టీట్రాక్ నుంచి మళ్లీ మిక్స్ చేశాకే డ్రమ్స్‌కు ఒళ్లు, గిటారుకు అంచు వచ్చాయి. రీమాస్టర్ తీర్చలేని లోపం, రీమిక్స్ తీర్చగల లోపం అంటే ఏమిటో ఈ ఒక్క ఆల్బమ్ చాలు చెప్పడానికి.

యెస్ వారి 'క్లోజ్ టు ద ఎడ్జ్', 1972. 1994లో జో గాస్ట్‌విర్ట్ రీమాస్టర్, 2003లో బోనస్ ట్రాక్‌లతో వచ్చిన రైనో కంపెనీ ఎడిషన్, 2013లో విల్సన్ మిక్స్. 2003 డిస్కులో పైస్థాయిల వెలుగు ఎక్కువ. మొదటి అయిదు నిమిషాలు ఉత్సాహంగా ఉంటుంది, 18 నిమిషాల పాట ముగిసేసరికి చెవి అలసిపోతుంది. 2013 సెట్టులోని డీవీడీ, బ్లూరే డిస్కుల్లో పాత స్టీరియో టేపును ఏమీ మార్చకుండా ఎక్కించిన రూపం కూడా ఉంది. మిగతావన్నీ దానితో పోల్చుకోవచ్చు. త్రాసుకు తూకపు రాయి దొరికినట్టు. ఆ పాటలో వినాల్సిన చోట్లు రెండు. మొదట్లో పక్షుల కిలకిల, నీటి చప్పుడు నుంచి బ్యాండు ఒక్కసారిగా దూకే క్షణం ఒకటి. ఆ దూకుడుకు మీరు ఉలిక్కిపడాలి. పక్షులే అంత గట్టిగా ఉండి బ్యాండు వచ్చినా పెద్ద తేడా లేదంటే ఆ ఎడిషన్‌ను నొక్కేశారు. రెండోది మధ్యలో వచ్చే చర్చి ఆర్గన్. లండన్ క్రిపుల్‌గేట్‌లోని సెయింట్ జైల్స్ చర్చిలో రికార్డు చేశారు. దాని కింది స్వరాలు గదిని నింపుతున్నాయా, ఎక్కడో రేడియోలోంచి వస్తున్నట్టున్నాయా చూడండి. ఎల్పీ కోసం బేస్ కోసిన కాపీ అయితే ఇక్కడ దొరికిపోతుంది.

ఇక గట్టిదనం సంగతి. 1990ల మధ్య నుంచి సీడీలను వీలైనంత గట్టిగా చేయడం మొదలైంది. ధ్వని శిఖరాలను లిమిటర్ అనే సాధనంతో నొక్కి, మిగతాదంతా పైకి లేపుతారు. డ్రమ్ దెబ్బ మొన పోతుంది, సన్నని చోటు లావవుతుంది. దీన్ని కొలవడానికి డైనమిక్ రేంజ్ మీటరు అనే ఉచిత ప్రోగ్రాము ఉంది, డీఆర్ అంకె ఇస్తుంది. ఒకే మిక్స్ తాలూకు రెండు సీడీలను పోల్చడానికి ఆ అంకె పనికొస్తుంది. ఒకటి 13, ఇంకోటి 8 చూపిస్తే రెండోదాన్ని నొక్కారని అర్థం. కానీ ఎల్పీ నుంచి ఎక్కించిన ఫైలుకు వచ్చిన అంకెను సీడీ అంకెతో పోల్చకండి. వినైల్ ప్రక్రియ అలల ఆకారాన్ని మారుస్తుంది కాబట్టి అదే మాస్టర్ అయినా అంకె పెరిగి కనిపిస్తుంది. అంకె బాగుంటే ధ్వని బాగుంటుందనీ లేదు. చెడ్డ కాపీ నుంచి వచ్చిన తొలి సీడీకి కూడా 14 రావచ్చు.

ఒకే డిస్కులో రెండు మాస్టర్లు ఉండటం కూడా జరుగుతుంది. పింక్ ఫ్లాయిడ్ 'డార్క్ సైడ్ ఆఫ్ ద మూన్' 2003లో హైబ్రిడ్ ఎస్‌ఏసీడీగా వచ్చింది. మామూలు ప్లేయరులో వినిపించే సీడీ పొర, ఎస్‌ఏసీడీ ప్లేయరులో వినిపించే స్టీరియో పొర ఒకటి కావు. కొలిచి చూసినవాళ్లు సీడీ పొరలో కంప్రెషన్ ఎక్కువని తేల్చారు. ఆ రెండు పొరలను మార్చి మార్చి విని 'ఎస్‌ఏసీడీ సాంకేతికత గొప్పది' అని తీర్మానిస్తే, మీరు పోల్చింది సాంకేతికతను కాదు, రెండు వేరు మాస్టర్లను.

ఇప్పుడు పోల్చే పని ఎలా చేయాలో చెప్తాను. రాసుకునేవాళ్లు రాసుకోండి.

ముందు డిస్కును కంప్యూటర్లోకి సరిగ్గా ఎక్కించాలి. ఎగ్జాక్ట్ ఆడియో కాపీ లాంటి ప్రోగ్రాములో సెక్యూర్ మోడ్ (తప్పులు సరిచూస్తూ చదివే పద్ధతి) పెట్టి, మీ డ్రైవ్ ఆఫ్‌సెట్ (డ్రైవ్ చదివే చోటులోని చిన్న జరుగుడు) సరిచేసి, ఇతరుల ఫలితాలతో పోల్చే అక్యురేట్‌రిప్‌తో సరిచూసుకోండి. చివర్లో వచ్చే లాగ్ ఫైలును పారేయకండి. అందులో ప్రతి ట్రాక్‌కీ పీక్ (అత్యధిక) స్థాయి శాతంలో ఉంటుంది. ఒక డిస్కులో ట్రాక్‌ల పీక్‌లు 87.3, 91.0, 78.6 అని ఉండి, వేరే దేశంలో, వేరే ఏడాదిలో ముద్రించిన డిస్కులోనూ అన్ని ట్రాక్‌లకూ అవే అంకెలు ఉంటే ఆ రెండూ ఒకే మాస్టర్ అని దాదాపు ఖాయం. రెండోది కొనే ఖర్చు తప్పుతుంది. అన్ని ట్రాక్‌లూ సరిగ్గా ఒకే అంకె దగ్గర, 100 దగ్గరో 98.9 దగ్గరో ఆగితే లిమిటర్ పనిచేసిందని అనుమానించండి. అలను పెద్దది చేసి చూస్తే శిఖరాలు కత్తెరతో కోసినట్టు చదునుగా కనిపిస్తాయి. కొందరు కోసేశాక స్థాయిని కొద్దిగా తగ్గిస్తారు. అప్పుడు పీక్ 100 కంటే తక్కువే ఉంటుంది, చదును మాత్రం అలాగే ఉంటుంది. అందుకే అంకెతో ఆగకుండా బొమ్మ కూడా చూడాలి.

తర్వాత ప్రీ-ఎంఫసిస్. ఇది 1980ల డిస్కుల్లో పెద్ద గుంట. ఆనాటి కన్వర్టర్ల శబ్దాన్ని తగ్గించడానికి కొన్ని సీడీల్లో పైస్థాయిలను పెంచి రాసేవారు. ప్లేయరు ఆ గుర్తు చూసి వాటిని తిరిగి తగ్గించేది. పెంపు 3 కిలోహెర్ట్జ్ దగ్గర 2.4 డెసిబెల్స్, 10 దగ్గర సుమారు 7.6, 20 దగ్గర సుమారు 9.5. సీడీ ప్లేయరులో పెడితే ఇబ్బంది లేదు. కంప్యూటర్లోకి ఎక్కించినప్పుడు ఈ దిద్దుబాటు సాధారణంగా జరగదు. అప్పుడు సింబల్స్ చెవిలో సూదుల్లా గుచ్చుతాయి. డార్క్ సైడ్ తాలూకు తొలి జపాన్ సీడీ, సంగ్రహకులు 'బ్లాక్ ట్రయాంగిల్' అని పిలిచేది, దాని ముద్రణల్లో కొన్నిట్లో ఈ ప్రీ-ఎంఫసిస్ ఉంది. దిద్దకుండా విని 'ఇంత ఖరీదైన డిస్కు ఇంత కఠోరమా' అనుకుంటే అన్యాయం. ఇంకో చిక్కు ఏమిటంటే, కొన్ని డిస్కుల్లో ఆ గుర్తు విషయసూచికలో ఉండదు, పాటతో పాటు నడిచే సబ్‌కోడ్ అనే సమాచారంలో మాత్రమే ఉంటుంది. విషయసూచిక ఒక్కటే చదివే ప్రోగ్రాముకు అది కనపడదు. అనుమానం ఉంటే మామూలు ప్లేయరులో విని, ఫైలుతో పోల్చి చూడండి. ప్లేయరులో మెత్తగా, ఫైలులో పదునుగా ఉంటే అదే కారణం. సాక్స్ అనే ఉచిత సాధనంలో డీ-ఎంఫసిస్ ఆదేశం ఉంది, దానితో దిద్దుకోవచ్చు.

హెచ్‌డీసీడీ అయితే పోలికకు ముందే డీకోడ్ చేయాలి. ఆ పద్ధతిలో కొన్ని డిస్కులు శిఖరాలను నొక్కి రాస్తాయి, డీకోడర్ వాటిని 6 డెసిబెల్స్ దాకా తిరిగి విప్పుతుంది. డీకోడ్ చేయకుండా డీఆర్ కొలిస్తే డిస్కుకు రావాల్సిన అంకె రాదు. ఎఫ్ఎఫ్ఎమ్‌పెగ్ అనే ఉచిత ప్రోగ్రాములో దానికి ఫిల్టర్ ఉంది.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైనది, స్థాయి సమానం చేయడం. అర డెసిబెల్ తేడాను మన చెవి 'గట్టిగా ఉంది' అని చెప్పదు, 'బాగుంది' అని చెప్తుంది. అందుకే రెండు ఫైళ్ల నుంచి ఒకే 30 సెకన్ల భాగం తీసుకుని, లౌడ్‌నెస్ కొలిచి, తేడా 0.2 డెసిబెల్ లోపుకి తేవాలి. గట్టిదాన్ని తగ్గించండి, సన్నదాన్ని ఎప్పుడూ పెంచకండి. పెంచితే శిఖరాలు తెగుతాయి. తగ్గించిన ఫైలును 24 బిట్లలో దాచుకోండి. ఒక రీమాస్టర్‌లో బేస్ పెంచి ఉంటే ఈ సమానం చేయడం కూడా మోసం చేస్తుంది. మొత్తం శక్తిలో బేస్ వాటా పెద్దది కాబట్టి, కొలత సమానమైనా గొంతు సన్నబడిపోతుంది. అలాంటప్పుడు 500 నుంచి 2,000 హెర్ట్జ్ మధ్య భాగాన్ని మాత్రమే వడకట్టి, దాన్ని సమానం చేయండి. గొంతు ఒక ఎత్తులో కుదిరాక మిగతా తేడాలు వాటంతటవే బయటపడతాయి.

పాట నిడివి కూడా చూడండి. టేపు నడిపిన వేగం తేడా వస్తే 12 నిమిషాల పాటలో అర శాతానికి 3.6 సెకన్లు తేడా వస్తుంది. శ్రుతి కూడా ఆ మేరకు జరుగుతుంది, అర్ధస్వరంలో పన్నెండో వంతు. విడిగా వింటే తెలియదు, మార్చి మార్చి వింటే మాత్రం ఎక్కువ శ్రుతిలో ఉన్నది హుషారుగా అనిపిస్తుంది. ఆ హుషారు మాస్టరింగ్‌ది కాదు.

రెండు సీడీలు ఒకే డిజిటల్ మాస్టర్ నుంచి వచ్చాయా అని తేల్చుకోవాలంటే ఆడాసిటీ అనే ప్రోగ్రాములో రెంటినీ ఒక్కో శాంపిల్ (ధ్వని కొలత బిందువు) దాకా సరిగ్గా వరస కలిపి, ఒకదాని అలను తలకిందులు చేసి కూడండి. పూర్తి నిశ్శబ్దం వస్తే రెండూ ఒకటే. సన్నగా అదే పాట మిగిలితే స్థాయి తేడా మాత్రమే కావచ్చు, సరిచేసి మళ్లీ చూడండి. గాలి తిరుగుతున్నట్టు 'వూష్' అని సుళ్లు తిరిగే ధ్వని మిగిలితే టేపును రెండుసార్లు వేరువేరుగా నడిపారని అర్థం, ఎందుకంటే టేపు రెండుసార్లు ఒకేలా నడవదు.

ఆఖరున చెవి పరీక్ష. ఫూబార్ అనే ప్లేయరు ప్రోగ్రాములో ఏబీఎక్స్ అనే పరికరం ఉంది, ఏది ఏదో చెప్పకుండా వినిపిస్తుంది. 10, 15 సెకన్ల ముక్క తీసుకుని 16 సార్లు ప్రయత్నించండి. 12 లేదా అంతకంటే ఎక్కువసార్లు సరిగ్గా చెప్తే అది ఊహ వల్ల జరిగే అవకాశం నూటికి నాలుగు కంటే తక్కువ. తేడా ఉందని తేలాక ఆ ముక్కలు వదిలేసి, ఆల్బమ్ ఒక పక్క మొత్తం, ఇరవై నిమిషాలు, కదలకుండా వినండి. ముక్కల్లో గెలిచిన ఎడిషన్ పూర్తిగా వింటే ఓడిపోవడం ప్రోగ్‌లో మామూలే. సన్నని చోటు నుంచి ఉరుము దాకా ఎక్కడమే ఆ సంగీతం నిర్మాణం. ఆ ఎక్కుడు తెలియాలంటే పది సెకన్లు చాలవు.

అతుకుల గురించి ఒక్క మాట. ఎమర్సన్, లేక్ అండ్ పామర్ 'బ్రెయిన్ సలాడ్ సర్జరీ'లో 'కార్న్ ఈవిల్ 9' మొదటి భాగం ('ఇంప్రెషన్') ఎల్పీ రెండు పక్కలకు చీలింది. ఒక పక్క చివర సన్నబడి, రెండో పక్కలో మళ్లీ పెరుగుతుంది. కొన్ని సీడీ ఎడిషన్లలో దాన్ని అతికించేశారు. టల్ వారి 'థిక్ యాజ్ ఎ బ్రిక్'కూ ఇలాంటి మధ్య విరామం ఉంది. రష్ 'మూవింగ్ పిక్చర్స్' తొలి సీడీల్లో కొన్నిట్లో 'టామ్ సాయర్' మొదటి దెబ్బే తెగిపోయింది. పాట మొదలూ చివరా ముందు చూసుకోండి, రెండు నిమిషాల పని.

ఇప్పుడు ప్రశ్నలు అడగండి.

సభలోంచి ప్రశ్న: జపాన్ ఎస్‌హెచ్‌ఎమ్ సీడీలకు మామూలు సీడీకి రెండు మూడు రెట్లు పెట్టాలా అండి?

ఎస్‌హెచ్‌ఎమ్ అంటే డిస్కుకు వాడే ప్లాస్టిక్ వేరు, అంతే. అందులోని బిట్లు మామూలు సీడీలో ఉన్నవే అయితే ధ్వని కూడా అదే. ప్లేయరు తప్పులు లేకుండా చదివినంతవరకు ప్లాస్టిక్‌కు అందులో పాత్ర లేదు. కానీ జపాన్ వాళ్లు కొన్నిసార్లు అదే డిస్కుకు కొత్తగా మాస్టర్ చేయిస్తారు. అప్పుడు తేడా నిజంగా ఉంటుంది, మాస్టర్ వల్ల. డబ్బు పెట్టేముందు పీక్ అంకెలు సంపాదించి, మీ దగ్గరున్న డిస్కు అంకెలతో పోల్చండి. ఆ అట్ట, ముద్రణ అందం కోసం కొంటానంటే అది మంచి కారణమే.

ఇంకో ప్రశ్న: పాత వాడిన సీడీ కొనేటప్పుడు ఏం చూడాలి?

లోపలి వలయంలో అద్దంలా మెరిసే చోట చెక్కిన అంకెలు చూడండి. వాటిని మ్యాట్రిక్స్ నంబరు అంటారు. అట్ట మీది కాటలాగ్ నంబరు ఒకటే ఉండగా లోపల మాస్టర్ మారిపోయిన డిస్కులు చాలా ఉన్నాయి, ఆ మార్పు బయటపెట్టేది ఈ అంకెలే. అక్కడ ఐఎఫ్‌పీఐ అని చిన్న అక్షరాలుంటే ఆ ముద్రణ 1994 లేదా ఆ తర్వాతది. అమ్మేవాడు '1986 తొలి ముద్రణ' అంటే నమ్మనక్కర్లేదు.

తర్వాత రంగు. బ్రిటన్‌లో 1988 నుంచి 1993 దాకా ఒక కర్మాగారంలో ముద్రించిన డిస్కుల్లో కొన్నిటికి పై పూత సరిపడక, అట్టలోని గంధకంతో చర్య జరిగి కంచు రంగు తిరుగుతోంది. డిస్కును లైటు కింద వాలుగా పట్టి చూడండి. రంగు బయటి అంచు దగ్గర మొదలై లోపలికి పాకుతుంది. సీడీ చదవడం లోపలి నుంచి బయటికి కాబట్టి ముందు దెబ్బతినేవి చివరి ట్రాక్‌లు. కోర్ట్ ఆఫ్ ద క్రిమ్సన్ కింగ్ లాంటి 44 నిమిషాల ఆల్బమ్‌లో రాసిన భాగం అంచు దాకా రాదు, దాదాపు ఒక సెంటీమీటరు ఖాళీగా ఉంటుంది. రాసిన చోటికీ ఖాళీ చోటికీ మధ్య నీడ తేడా కంటికి కనిపిస్తుంది. కంచు రంగు ఆ గీత దాటి లోపలికి రాకపోతే డిస్కు ఇప్పటికి బాగానే చదువుతుంది. తీసుకెళ్లి ఆ రోజే కంప్యూటర్లోకి ఎక్కించుకోండి.